బోర్డు మీద లేని కాఫీ

బోస్టన్,
18 జనవరి 2025

బాబాయ్,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటా అని కంగారుపడకు. ఫోన్ చేస్తే పిన్ని వెంటనే స్పీకర్ ఆన్ చేస్తుంది, మూడో మాటకే సంబంధాల దగ్గరికి వస్తుంది. పోయినసారి శాంటా క్లారా అబ్బాయి ఎత్తూ బరువూ కూడా చెప్పింది. నువ్వేమో పక్కన కూర్చుని నవ్వుతావు. నీతో తీరిగ్గా మాట్లాడాలంటే నాకు కాగితమే దిక్కు.

ఆఫీసులో కొత్త పని ఇచ్చారు. దేశంలో ఉన్న కాఫీ షాపు చెయిన్లన్నిటినీ పోల్చి చూడాలి. ఏది ఎలా ఉంటుంది, ఎంతకి అమ్ముతారు, ఏ ప్రాంతం వాళ్ళు దేని కోసం పడి చస్తారు. ఎవరి కోసం చేస్తున్నామో మాలాంటి చిన్నవాళ్ళకి చెప్పరు. చెబితే వాళ్ళ వైపు మొగ్గుతామని భయం కాబోలు.

ఈ ఊరి సంగతి నాకు బాగానే తెలుసు. ఇక్కడ ఏ మూల తిరిగినా డంకిన్ కాఫీ షాపే. వచ్చిన కొత్తలో 'రెగ్యులర్ కాఫీ' అడిగితే క్రీమూ పంచదారా దండిగా పోసి ఇచ్చారు. ఇక్కడ రెగ్యులర్ అంటే అదేనట. ధర తక్కువ, రుచి గురించి ఎవరూ వాదించరు, గడ్డకట్టే చలిలో కూడా ఐస్ వేయించుకుని తాగుతారు. మీ హార్బర్ మగ్ కూడా ఇక్కడ పుట్టిన చెయినే కదా. ఇక్కడివాళ్ళు దాన్ని పక్కింటి పెద్దాయన్ని చూసినట్టు చూస్తారు. గౌరవం ఉంది గానీ ఎవరూ ప్రత్యేకంగా వెళ్ళరు.

మీ కాలిఫోర్నియా సంగతే నాకు అంతుపట్టడం లేదు. నువ్వు పన్నెండేళ్ళుగా ఫ్రీమాంట్‌లో ఆ హార్బర్ మగ్ షాపు నడుపుతున్నావు. అక్కడివాళ్ళకి ఏది నచ్చుతుందో, ఎందుకో నీ మాటల్లో రాయి. మొన్న మీటింగ్‌లో 'మా నాన్నగారి తమ్ముడికి కాఫీ షాపు ఉంది' అని చెప్పబోయి ఆగిపోయాను. అందరూ చార్టులు చూపిస్తుంటే మధ్యలో మా ఇంటి సంగతి ఎందుకనిపించింది.

మోకాళ్ళు జాగ్రత్త. అంతసేపు నిలబడకు.

నీ నవోమి


ఫ్రీమాంట్,
26 జనవరి 2025

అమ్మలూ,

నీ కవరు చూసి మీ పిన్ని తెరవబోయింది. 'ప్రేమానందం అని రాసి ఉంది, ప్రిస్సిల్లా అని కాదు' అని లాక్కున్నాను. అప్పటి నుంచి పెళ్ళి సంగతేదో దాస్తున్నామని అనుమానం. ఉండనీ.

అడిగావు కాబట్టి రాస్తున్నాను, ఓపిగ్గా చదువు. ఇక్కడివాళ్ళకి పీట్స్ సొంతబిడ్డ, బర్కిలీలో పుట్టింది కదా. ముదురుగా వేపిన గింజ, నల్లగా చేదుగా ఉంటుంది. తాగేవాడు మొహం చిట్లించి మరీ బాగుందంటాడు. ఫిల్జ్‌లో ఏ కప్పుకి ఆ కప్పు విడిగా చేతితో దించుతారు, పుదీనా కూడా వేస్తారు. కుర్ర ఇంజనీర్లు అక్కడ ధర చూడరు. డచ్ బ్రోస్ ఒరెగాన్ నుంచి వచ్చింది. కారు దిగక్కర్లేదు, అంతా తీపి, కాలేజీ పిల్లల సొత్తు. స్టార్‌బక్స్ ఏ ఊళ్ళో తాగినా ఒకటే. అక్కడ మనిషి కాఫీతో పాటు కుర్చీ కూడా కొనుక్కుంటాడు. లాటే ఆరు డాలర్ల చుట్టూ తిరుగుతుంది, అయినా కుర్చీలు ఖాళీ ఉండవు.

ఇక మా హార్బర్ మగ్. వాళ్ళందరికన్నా డాలరు తక్కువ. అయినా ఇక్కడ మమ్మల్ని అడిగే నాథుడు లేడు. పలచన. బోస్టన్ చలిలో కడుపులోకి వెచ్చగా ఏదో దిగితే చాలనుకునేవాళ్ళకి చేసిన కాఫీ అది. ఇక్కడ చలి ఏది? మా కంపెనీకి ఇక్కడ ఉన్న మిగతా షాపులన్నీ ఈగలు తోలుకుంటున్నాయి.

నాది మాత్రం నడుస్తోంది. ఎందుకో చెప్తాను, నీలోనే ఉంచుకో. మొదట్లో ఆదివారం ఆరాధన అయ్యాక మన తెలుగు చర్చి సంఘం వాళ్ళు నా మొహం చూసి షాపుకి వచ్చేవాళ్ళు. ఒకరోజు ఇక్కడికి అరగంట దూరంలో ఉన్న డబ్లిన్ అనే ఊరి నుంచి వచ్చే రవికుమార్ 'అంకుల్, మీ మీద ప్రేమతో తాగుతున్నాం గానీ, ఇది కాఫీనా?' అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఇంట్లో పెద్ద స్టీలు ఫిల్టర్‌లో చికోరీ కలిపిన పొడి వేసి, డికాక్షన్ దించి ఫ్లాస్కులో తీసుకెళ్ళాను. అంతే. ఇప్పుడు మనవాళ్ళే కాదు, పక్కన ఇళ్ళు కట్టే మెక్సికన్ మేస్త్రీలు, మనవల్ని బడిలో దింపొచ్చే చైనా మామ్మలు కూడా 'ఆ ఇంకో కాఫీ' అని అడిగి తాగుతున్నారు. బోర్డు మీద దానికి పేరు లేదు. మామూలు కాఫీ కిందే బిల్లు కొడతాను.

కంపెనీ పొడి తప్ప మరేదీ అమ్మకూడదని ఒప్పందం. తెలిస్తే షాపు లాగేసుకుంటారు. తెలియదులే. ఎవరొచ్చి రుచి చూస్తారు?

మా సంఘంలో నీ పేరు చెప్పి ప్రార్థిస్తూనే ఉన్నాం.

బాబాయి


బోస్టన్,
4 ఫిబ్రవరి 2025

బాబాయ్,

ఈ ఉత్తరం అందిన రోజే ఆ డికాక్షన్ ఆపెయ్. ఫ్లాస్కు షాపుకి తీసుకెళ్ళకు. ఎవరడిగినా లేదని చెప్పు. రవికుమార్ గారికైనా సరే.

కారణం అడగకు. చెప్పలేని కారణం. ఫోన్‌లో ఈ మాట ఎత్తకు, ఈమెయిల్ అసలే రాయకు. పిన్నికి చెప్పకు. నీ మీద ఒట్టేసి చెప్తున్నాను, ఇది ఆషామాషీగా రాస్తున్నది కాదు.

నిన్నంతా అన్నం సయించలేదు.

నవోమి


ఫ్రీమాంట్,
9 ఫిబ్రవరి 2025

నవోమీ,

నీ ఉత్తరం అందింది. కారణం అడగొద్దన్నావు కాబట్టి అడగను. నాకు తెలిసిన కారణాలు నేనే రాస్తాను.

ముందు మీ పిన్ని అనుకున్నాను. పొద్దున్నే లేచి ఫిల్టర్ దగ్గర నిలబడితే ఆవిడకి గిట్టదు. మోకాళ్ళు అరిగాయంటుంది, షాపు అమ్మేసి ఇంట్లో కూర్చోమంటుంది. నా వెనకాల నీకు చెప్పి రాయించిందనుకుని నాలుగు మాటలు అన్నాను. ఆవిడ ఏడ్చింది. 'దానితో నేను మాట్లాడి నెల దాటింది, బైబిలు మీద చెయ్యి పెట్టమంటారా?' అంది. రెండు రోజులుగా ఇంట్లో మాటల్లేవు.

ఆవిడ కాకపోతే ఇక మిగిలింది ఒకటే. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. మీటింగ్‌లో నా సంగతి చెప్పబోయి ఆగిపోయానన్నావు. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. చదువుకున్నవాళ్ళ మధ్య కూర్చున్నావు. బాబాయి ఇంట్లో దించిన డికాక్షన్ని చాటుగా అమ్ముతున్నాడంటే నీకు నామోషీ అయింది. నేనేం కల్తీ సారా అమ్మడం లేదే! అడిగి మరీ తాగుతున్నారు. మా అన్నయ్య బతికుంటే నా పక్కన నిలబడి తనే కప్పులు అందించేవాడు.

ఆపను. నాకు నచ్చచెప్పగల కారణం ఉంటే రాయి. లేకపోతే ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్.

ప్రేమానందం


బోస్టన్,
14 ఫిబ్రవరి 2025

బాబాయ్,

నువ్వు 'ప్రేమానందం' అని సంతకం చేసిన ఉత్తరం నాకు ఇదే మొదటిది. చదివి చాలాసేపు ఏడ్చాను. నీ గురించి నామోషీపడే రోజు వస్తే నాన్న మొహం గుర్తుచేసుకోవడానికి కూడా నేను పనికిరాను. ముందు వెళ్ళి పిన్నికి క్షమాపణ చెప్పు. ఆవిడకి ఏ పాపం తెలియదు.

ఇక విను. మేము ఎవరి కోసం పని చేస్తున్నామో నాకు తెలిసింది. ఇంతే రాయగలను. ఈ ఒక్క ముక్క రాసినందుకే ఉద్యోగం పోవచ్చు, ఉద్యోగంతో పాటు వీసా పోతుంది. రహస్యం బయటపెట్టనని సంతకం చేసి ఇచ్చాను. నా ముందున్న కాగితంలో ఒక షాపు చుట్టూ గుండ్రంగా గీత గీసి ఉంది. 'ఇది ఒక్కటే ఎందుకు నడుస్తోంది? మనిషిని పంపి కనుక్కోవాలి' అని రాసి ఉంది.

ఎవరైనా కొత్త మొహం వచ్చి మీ దగ్గర ప్రత్యేకం ఏమిటని అడిగితే, బోర్డు మీద ఉన్నదే చెప్పు, ఉన్నదే పోసి ఇవ్వు. నా కోసం.

ఈ ఉత్తరం చించెయ్.

నీ నవోమి


ఫ్రీమాంట్,
23 ఫిబ్రవరి 2025

అమ్మలూ,

నేను ముసలి మూర్ఖుణ్ణి. నిన్ను ఏమేమి అన్నానో తల్చుకుంటే సిగ్గేస్తోంది. పిన్నికి క్షమాపణ చెప్పాను. 'నవోమి ఆఫీసు ఇబ్బంది' అని మాత్రం అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు, ఆ పూట నుంచి పప్పులో ఉప్పు మళ్ళీ సరిపోతోంది.

నీ ఉత్తరం అందిన రోజే ఫిల్టర్ కడిగి అటక మీద పెట్టేశాను. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు లేదని చెప్పాను. మేస్త్రీలు ఒక రోజు చూశారు, రెండో రోజు చూశారు, తరవాత రోడ్డు దాటి అవతలి కాఫీ షాపుకి వెళ్ళడం మొదలుపెట్టారు. మామ్మలు ఇప్పటికీ వస్తారు గానీ సగం కప్పు వదిలేస్తున్నారు. రవికుమార్ అయితే 'ఏంటంకుల్, మా మీద కోపమా? ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చా' అని అలిగి వెళ్ళాడు. ఏం చెప్పను?

గురువారం ఒకావిడ వచ్చింది. చూడగానే అనుకున్నాను. కోటు వేసుకుంది, కిటికీ పక్కన కూర్చుని అన్నీ పరికించింది. ఒక్కో రకం తెప్పించుకుని గుక్కెడు గుక్కెడు తాగింది. వెళ్ళేముందు కౌంటర్ దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా అడిగింది, 'మీ దగ్గర ఇంకో కాఫీ ఉంటుందని బయట ఎవరో చెప్పారు, అదేమిటి?' అని.

నవోమీ, నేను సంఘ పెద్దని. చిన్నపిల్లలకి ఆదివారం బడిలో పాఠం చెప్పేవాణ్ణి. ఆవిడ కళ్ళలోకి చూసి, 'అలాంటిదేమీ లేదమ్మా, బోర్డు మీద ఉన్నదే మా దగ్గర ఉన్నది' అన్నాను. ఆవిడ కాస్త నిరుత్సాహపడినట్టు అనిపించింది. థాంక్యూ చెప్పి వెళ్ళిపోయింది. నీ ఉద్యోగం గట్టెక్కిందన్న ధైర్యం వచ్చింది. ఇక నువ్వు కడుపునిండా తిను.

బాబాయి


బోస్టన్,
28 ఫిబ్రవరి 2025

బాబాయ్,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడుసార్లు చించేశాను. ఇక దాపరికం అనవసరం. మా క్లయింట్ మీ హార్బర్ మగ్ కంపెనీయే. కాలిఫోర్నియాలో షాపులు మూసెయ్యాలా, ఉంచాలా అని తేల్చడానికి మమ్మల్ని పెట్టుకున్నారు.

నిన్న వాళ్ళు మా ఆఫీసుకి వచ్చారు. మీ షాపుకి వచ్చిన ఆవిడ లేచి చెప్పింది. 'ఫ్రీమాంట్‌లో ప్రత్యేకం ఏమీ లేదు. ఓనర్ మంచివాడు. కాఫీ అన్ని చోట్లలాగే ఉంది. జనం కూడా తగ్గారు.' అప్పుడు వాళ్ళ పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు. 'ఆ షాపులో ఏదో ఉంటుందని ఆశపడ్డాను. అదేదో తెలిస్తే మిగతా షాపులన్నిటికీ నేర్పిద్దామనుకున్నాను. ఒప్పందం సంగతి తరవాత చూసుకునేవాళ్ళం. ఇక అన్నీ మూసెయ్యడమే' అన్నాడు.

బాబాయ్, వాళ్ళు నిన్ను పట్టుకోవడానికి రాలేదు. నీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చారు. ఆ కాగితం మీది గీత చూసి నేను భయపడ్డాను. తెలిస్తే లాగేసుకుంటారని నువ్వు రాసిన మాట నా బుర్రలో అలాగే ఉండిపోయింది. ఇంకో అర్థం ఉండొచ్చని నాకు తట్టనే లేదు. వాళ్ళ చేతికి అందాల్సినదాన్ని నేనే ఆపించాను. నీ చేత అబద్ధం ఆడించాను. నీ షాపు నేను మూయిస్తున్నాను.

రిపోర్టు వచ్చే వారం చివర వెళ్తుంది. నిన్నే చెప్పమంటే ముందెందుకు దాచావని అడుగుతారు, మళ్ళీ నీ చేత అబద్ధం ఆడించలేను. సోమవారం పొద్దున్నే మా మేనేజర్‌కి మొత్తం చెప్పేస్తాను. ఈ ఉత్తరం నీకు మంగళవారం దాకా అందకూడదనే ఇవాళ పోస్టు చేస్తున్నాను.

నవోమి


ఫ్రీమాంట్,
4 మార్చి 2025

నవోమీ,

చెప్పకు. ఇంకా చెప్పి ఉండకపోతే ఏమీ చెప్పకు. పొద్దుటి నుంచి ఫోన్ చేస్తున్నాను, ఎత్తడం లేదు. అందుకని ఇది రేపటికల్లా అందే పోస్టులో పంపుతున్నాను.

నేను ఈ దేశం పౌరుణ్ణి. షాపు పోతే ఇంకో పని చూసుకుంటాను, ఉబర్ నడుపుకుంటాను. నీకు ఉద్యోగం పోతే దేశమే పోతుంది. అబద్ధం ఆడినవాణ్ణి నేను, నువ్వు కాదు. నా తప్పుకి నువ్వు ఎందుకు కట్టాలి? మీ నాన్నకి నేనేం మొహం చూపించను?

ఫోన్ ఎత్తు.

బాబాయి


బోస్టన్,
14 మార్చి 2025

బాబాయ్,

నీ ఫోన్లన్నీ చూశాను. కావాలనే ఎత్తలేదు. నీ గొంతు వింటే ఆగిపోతానని తెలుసు. నీ ఉత్తరం బుధవారం అందింది. అప్పటికి చెప్పి రెండు రోజులైంది.

మా మేనేజర్ స్మృతి ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. తలుపు వేసి, నేను చెప్పిందంతా విని, కాసేపు తల పట్టుకుంది. 'నవోమీ, నువ్వు ఇది నాకు చెప్పకుండా ఉంటే బాగుండేది. ఇప్పుడు నేను హెచ్‌ఆర్‌కి చెప్పాలి, నాకు ఛాయిస్ లేదు. ఐ యామ్ సో సారీ' అంది. తన కళ్ళు కూడా తడిశాయి. క్లయింట్‌కి మాత్రం అదే రోజు ఫోన్ చేసి, ఫ్రీమాంట్ షాపుకి మళ్ళీ వెళ్ళమంది. అంతకన్నా తను చెయ్యగలిగింది లేదు.

నిన్న నన్ను పిలిచి ఉద్యోగం తీసేశామని చెప్పారు. అరిచారనుకోకు, చాలా మెత్తగా చెప్పారు. వీసాకి రెండు నెలల గడువుంటుంది. ఆ లోపల వేరే చోట దొరికితే దొరికినట్టు, లేకపోతే విజయవాడ వెళ్ళిపోవడమే. భయంగా ఉంది బాబాయ్. నీకు అబద్ధం రాయను.

వాళ్ళు వచ్చే వారం వస్తారు. అటక మీది ఫిల్టర్ దించు. డికాక్షన్ చిక్కగా తియ్యి.

నీ నవోమి


ఫ్రీమాంట్,
30 మార్చి 2025

నవోమీ, నా తల్లీ,

వాళ్ళు ముగ్గురు వచ్చారు. ముందు రోజు నేను డికాక్షన్ దించనని మంకుపట్టు పట్టి కూర్చున్నాను. నీ ఉద్యోగం అమ్మి నా షాపు కొనుక్కున్నట్టు అనిపించింది. అప్పటికి మీ పిన్నికి అంతా చెప్పేశాను. ఆవిడ నా మీద అంతెత్తున లేచింది. 'పిల్ల ఉద్యోగమే వదులుకుంది. మీరు నాలుగు చెంచాల పొడి వెయ్యలేరా?' అని, తనే స్టూలెక్కి ఫిల్టర్ దించింది. తనే వేణ్ణీళ్ళు పోసింది.

ముందు వచ్చినావిడ కూడా ఉంది వాళ్ళలో. 'ఆ రోజు నాకు లేదని చెప్పారు' అంది. 'అబద్ధం చెప్పానమ్మా, క్షమించు' అన్నాను. ఆవిడ కప్పు తీసుకుని తాగింది. ఇంకో కప్పు అడిగింది. మిగతా ఇద్దరూ అడిగారు.

శుక్రవారం కబురొచ్చింది. షాపు మూయరు. నియమం తప్పినందుకు చీవాట్లు పెడుతూనే, కాలిఫోర్నియా షాపులన్నిట్లో ఈ కాఫీ పెడతామన్నారు. నన్నే వెళ్ళి నేర్పమన్నారు. రవికుమార్ ఊరంతా చాటింపు వేశాడు.

ఇవాళ ఆరాధనలో పాస్టర్ గారు 'ప్రభువు ప్రేమానందం గారి షాపు నిలబెట్టాడు, ఆయన ముందుకొచ్చి సాక్ష్యం చెప్తారు' అని మైకు అందించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసల్లో పిల్లలు కూడా కొట్టారు. లేచి నిలబడ్డాను. దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలి కదా సాక్ష్యమంటే. నోరు తెరిస్తే మేలు మాట రాలేదు.

'మా అన్నయ్య కూతురు నవోమి, బోస్టన్‌లో ఉంటుంది. నా షాపు కోసం నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టుకుంది. ఆ పిల్ల కోసం ప్రార్థించండి' అన్నాను. మైకు పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాను.

స్తోత్రం అనడానికి ఎవరికీ నోరు రాలేదు. మీ పిన్ని నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఏడ్చేసింది.

ఆరాధన అయ్యాక మనవాళ్ళంతా షాపు దగ్గరికి వచ్చారట. నేను వెళ్ళలేదు, తాళం తియ్యలేదు. షాపు నిలబడింది, అయినా నాకు సంతోషం రావడం లేదు అమ్మలూ. ఆ మాట నీకు కాక ఎవరికి చెప్పుకోను?

నీ బాబాయి